బాబూమియా పువ్వు, మొగులయ్య ముక్కు

శాలిబండల బాబూమియాకు ఉన్నది ఒక్కటే పిచ్చి. తన అరుగు ముంగట నుంచి ముక్కున్నోడు ఎవడు పోయినా ఆపుతడు. ఆపి, ముక్కు కింద ఒక పువ్వు పెట్టి, "బోలో మియా, ఏం వాసనొస్తున్నది?" అంటడు. చెప్పేదాక ఇడువడు. నౌకరీకి ఆలస్యమైతున్నదన్నా వినడు, ఇంట్ల చుట్టాలు కూసున్నరన్నా వినడు. ముందు వాసన, తర్వాతనే దారి. ఆడోళ్లకు మాత్రం మాఫీ ఉండె. పరాయి ఆడమనిషి ముక్కు కింద పువ్వు పెట్టుడు అదబ్ కాదు, పద్ధతి కాదని ఆయన లెక్క. ఆడోళ్లు కనవడితె తలకాయ దించుకొని పువ్వును ఎనుకకు దాస్తుండె.

"మంచిగున్నది" అని తప్పించుకుందామనుకున్నోళ్లు మస్తుమంది. వాళ్ల పప్పులు ఉడుకలే. కరెంటు మీటరు చూసే దుర్గయ్య ఒకనాడు పొద్దుగాల గట్లనే అన్నడు.

"మంచిగున్నది అంటె అది వాసన కాదు నాయనా, మర్యాద. మర్యాద నీ జేబుల పెట్టుకో. వాసన చెప్పు."

దుర్గయ్య మళ్ల పీల్చిండు. కండ్లు మూసిండు. మీటరు మిషిను సంకల పెట్టుకొని ఇంకోసారి పీల్చిండు. "మిరియాల చాయ్‌ల తేనె ఏసినట్టున్నది" అన్నడు ఆఖరికి.

"షాబాష్. ఇగ పోయి మీటరు చూస్కో."

ఈ తమాషా అంత ఎదురుంగ బర్ల కొట్టం కాడ పాలు కొలుసుకుంట మొగులయ్య చూస్తుండె. అందరు నవ్వుతుంటె మొగులయ్య గూడ నవ్వుతుండె గానీ, ఆ నవ్వు పెదవుల కాడనే ఆగిపోతుండె. ఎందుకో చెప్త. ఈ ముచ్చటల నవ్వంత బాబూమియాది, రందంత మొగులయ్యది.

ముందుగాల పువ్వు సంగతి తెలవాలె. బాబూమియా నలబై ఏండ్లు లాడ్ బజార్ కాడ అత్తరు దుకాణం నడిపిండు. మోకాళ్లు మొరాయించినంక దుకాణం అన్న కొడుకు ఉజైర్ చేతుల పెట్టి ఇంట్ల కూసున్నడు. గప్పుడు ఊటీల ఉండే పాత దోస్త్ ఒకాయన చిన్న సంచి పంపిండు. దాంట్ల ఎల్లిపాయలంత గడ్డలు. బాబూమియా బేగం ఖైసర్ అవి ఎల్లిగడ్డలే అనుకొని ఖట్టీ దాల్ పోపుకు నాలుగు ఒలిసి పెట్టుకున్నది. మూకుడుల ఏసేటప్పుడు బాబూమియా చూసిండు. అరుగు మీది నుంచి మోకాళ్ల నొప్పులున్న మనిషి గంత జల్ది వంటింట్లకు ఎట్ల ఉరికిండో ఇప్పటికీ ఎవ్వరికీ సమజ్ కాలే.

"బేగం, అది ఫ్రీసియా. వలాయత్‌ల దొరసానుల పెండ్లిల చేతుల పట్టుకునే పువ్వు."

"అయితె దొరసానికే పంపు. నా పప్పుకు ఎల్లిగడ్డ తీస్కరా."

దసరా ఎల్లినంక ఆ గడ్డలను పాత నూనె డబ్బాలల్ల పెట్టిండు. ముందు గడ్డిపోచల లెక్క సన్నగ ఆకులొచ్చినయ్. పుష్యమాసం చలికి మధ్యల నుంచి కాడ లేచింది. జానెడు లేచి, మెడ కాడ వంగి, అడ్డంగ పండుకున్నది. దాని మీద మొగ్గలన్నీ ఒక్క దిక్కే బారుగ నిలవడి పైకి చూస్తుండె. మొదటి మొగ్గ ఇచ్చుకున్నంకనే రెండోది, రెండోది అయినంకనే మూడోది. తొందర లేదు, తోసుకునుడు లేదు. తెల్లది, పసుపుపచ్చది, ఊదాది, అన్ని రంగులున్నయ్.

"చూసినవా మొగులయ్యా, నమాజ్‌ల రుకూకు వంగినట్టు వంగింది. అదబ్ ఉన్న పువ్వు" అన్నడు బాబూమియా.

హైదరాబాద్ ఎండకు అది తట్టుకునే పువ్వు కాదు. రాత్రి చలి లేకుంటె మొగ్గనే ఎయ్యదు. ఒక ఏడు సంక్రాంతి కాడ ఉడుకపోసింది. బాబూమియా తౌఫీఖ్ చాయ్ హోటల్ నుంచి ఐసు గడ్డలు తెప్పించి డబ్బాల చుట్టు పేర్చిండు. పైన నల్ల ఛత్రీలు పట్టిండు. గల్లీల కొత్తగ వచ్చినోళ్లు ఎవరో పోతె మయ్యత్‌ను ఐసుల పెట్టిండ్రనుకొని చెప్పులు ఇడిసి లోపటికొచ్చి దుఃఖపడి పోయిండ్రు. వాళ్లను గూడ బాబూమియా ఊకనే పోనియ్యలే. వాసన అడిగే పంపిండు.

పది నెలలు మంచి మనిషి, రెండు నెలలు పువ్వు పట్టిన మనిషి. ఎనిమిది చలికాలాలు గిట్లనే నడిసినయ్.

ఒకనాడు పొద్దుగాల ఉప్పుగూడ స్టేషన్ దిక్కు పోతున్న షేర్ ఆటోను ఆపిండు. లోపట ఏడుగురు మొగోళ్లు. ఒక పువ్వు, ఏడు ముక్కులు. ఒకడు నారింజ తొక్క అన్నడు, ఒకడు కొత్త సబ్బు అన్నడు, ఇంకొకడు చిన్నప్పుడు నానమ్మ సందుగ తెరిస్తె గిట్లనే వస్తుండె అన్నడు. గంతే, సందుగల ఏముండె, నానమ్మ ఏ ఊరు, ఎప్పుడు పోయింది అని ముచ్చట వెట్టిండు. ఆటో డ్రైవర్ హారన్ కొట్టి కొట్టి అలిసి, తనే దిగొచ్చి, "చాచా, నా వాసన గూడ రాస్కో, నాకు డీజిల్ తప్ప ఏం వస్తలేదు" అన్నడు.

బాబూమియా కండ్లు ఒక్కసారి మెరిసినయ్. "నిజంగ ఏం వస్తలేదా? మళ్ల చూడు. నిజం చెప్పు, నీకేం కాదు."

డ్రైవర్ చేతులు తుడుసుకొని మళ్ల పీల్చిండు. "ఆ, ఇప్పుడొస్తున్నది. పుదీన షర్బత్ లెక్క."

"పో ఇగ" అన్నడు బాబూమియా. ఎందుకో ఆ పొద్దు ఆయన మొఖం చిన్నగైంది. డ్రైవర్‌కు వాసన వస్తె గంత చిన్నబోవుడేంది అని మొగులయ్యకు సమజ్ కాలే.

ఇంకో దినం సాయంత్రం బరాత్ పోతుండె. పాల కోసం వచ్చినోళ్లంత గిన్నెలు పట్టుకొని చూస్తున్నరు. బాబూమియా గుర్రాన్ని ఆపి, దుల్హా మొఖం మీది పూల సెహ్రా పక్కకు జరిపి పువ్వు పెట్టిండు.

"బేటా, ఏం వాసన?"

"చాచా, నాకు భయమైతున్నది."

"అది నీ వాసన. పువ్వుది చెప్పు."

ఇగ మొగులయ్య ముచ్చట. మొగులయ్యది తాత నాటి బర్ల కొట్టం. గల్లీల ఆయన పేరే ముక్కు మొగులయ్య. పాల క్యాన్ మూత తీసి ఒక్కసారి పీలిస్తె ఇది ఏ బర్రె పాలు, పొద్దుగాల ఏం మేసింది, క్యాన్ సోడాతోని కడిగిండ్రా బూడిదతోని కడిగిండ్రా అన్నీ చెప్తుండె. ఒకసారి మలక్‌పేటల ఫంక్షన్‌కు వేరే కొట్టం పాలు తెప్పిస్తె, దూరం నుంచే "అది పొయ్యి ఎక్కియ్యకుండ్రి, ఇరుగుతది" అన్నడు. ఇరిగింది. ఆ పొద్దు నుంచి మొగులయ్య ముక్కు మీద గల్లీకి గురి. పాలోనికి బర్లు ఎన్నున్నా, నమ్మకం లేకుంటె గిన్నె పట్టుకొని వచ్చేటోడు ఎవడు? ఆ నమ్మకమంత ఆయన ముక్కు మీదనే నిలవడి ఉండె.

గసొంటి ముక్కు ముంగట మొదటి చలికాలం బాబూమియా పువ్వు పట్టిండు. "నీ ముక్కుకు సలాం. నువ్వు చెప్పు, ఈ పువ్వు వాసనేంది?"

మొగులయ్య పీల్చిండు. ఏం రాలే. మళ్ల పీల్చిండు. పచ్చి ఆకు వాసన, డబ్బాల తడిమన్ను వాసన, బాబూమియా చేతిల జర్దా వాసన, అన్నీ వచ్చినయ్. పువ్వు వాసన మాత్రం రాలే. గోడకు ముక్కు పెట్టినట్టే ఉన్నది. చుట్టు పదిమంది గిరాకీలు ఆయన మొఖమే చూస్తున్నరు.

"మల్లెపువ్వు లెక్క ఉన్నది" అన్నడు మొగులయ్య.

బాబూమియా ఒక్క గడియ ఆయన దిక్కు చూసిండు. తర్వాత జల్దిగ, "హౌ, హౌ. మల్లె. జర నిమ్మతొక్క గూడ కలిసింది గద? గదే చెప్పబోయినవు" అన్నడు.

"ఆ. నిమ్మ గూడ" అన్నడు మొగులయ్య.

ఆ పొద్దు ఇంటికి పోయినంక మొగులయ్యకు అన్నం దిగలే. కర్పూరం వాసన చూసిండు, వచ్చింది. ఇంగువ చూసిండు, తలకాయ తిరిగేటంత వచ్చింది. బట్టలల్ల పెట్టిన కలరా ఉండలు చూసిండు. కొట్టంలకు పోయి స్వీటీ అనే బర్రె మూతి కాడ ముక్కు పెట్టి, పొద్దుగాల ఏసిన కుడితి వాసన గూడ పట్టిండు. ఆయన పెండ్లాం ఎల్లమ్మ తలుపు కాడ నిలవడి చూస్తున్నది.

"ఏమయ్యో, బర్రెకు ముద్దు పెడ్తున్నవా ఏంది?"

"నీకెందుకే? పనుంది."

"నా మొఖం కాడికి గింత ప్రేమతోని ఎన్నడన్న వచ్చినవా?"

మొగులయ్య బర్రెను ఇడిసి లోపటికి పోయిండు. మర్నాడు ముక్కు డాక్టర్ కాడికి గూడ పోయిండు. డాక్టర్ లైటు పెట్టి చూసి, ముక్కు బ్రహ్మాండంగ ఉన్నది, అసలు తక్లీఫ్ ఏంది అని అడిగిండు. పువ్వు ముచ్చట చెప్పనీకి సిగ్గయింది. "ఊకనే వచ్చిన సార్, దారిల ఉన్నరు గదా అని" అన్నడు.

అప్పటి నుంచి ఒక కొత్త లొల్లి సురువైంది. బాబూమియా లోకాన్నంత "ఏం వాసన?" అని అడుగుతడు గానీ, మొగులయ్యను మాత్రం అడుగడు. తనే ముంగట చెప్పేస్తడు. "మొగులయ్యా, ఈ పసుపుపచ్చది మస్తు తీపి వాసన, ఎనుక నుంచి మిరియం. నిజమేనా?" "ఈ తెల్లది జర మందం, ఊదా దాంట్ల తేనె జాస్తి. ఏమంటవు?" మొగులయ్య తలకాయ ఊపాలె. గంతే.

ఒకటి రెండుసార్లయితె సరే. ఏండ్లకేండ్లు గిట్లనే నడిస్తె మొగులయ్యకు ఒళ్లు మండింది. మీటరు దుర్గయ్యను అడుగుతడు, ఆటోల కూసున్న దారిన పోయే దానయ్యను అడుగుతడు, ముక్కు మొగులయ్యను అడుగడా? నన్ను సన్నాసిని చేస్తుండా? లేకుంటె నా దొంగతనం తెలిసి పిల్లి ఎలుకను ఆడిచ్చినట్టు ఆడిస్తుండా? ఏదైనా సరే, బాబూమియా పువ్వు పట్టుకొని బయటికొస్తె మొగులయ్య పాల లెక్క తప్పుతుండె.

పోయినేడాది జనవరిల ఆ భయం బయటపడింది. తౌఫీఖ్ చాయ్ హోటల్‌ల పాలు ఇరిగినయ్. నిజానికి ఆయన గంజు సరిగ్గ తోమలేదట, అది తర్వాత తెలిసింది. ఆ పొద్దు మాత్రం ఖాళీ క్యాన్ పట్టుకొని వచ్చి అందరు వినంగ అన్నడు.

"మొగులన్నా, నీ ముక్కు పని చేస్తలేదా ఏంది? ఇరిగే పాలు పోసినవు."

"నా పాలు ఇరుగవు తౌఫీఖ్. నోరు జర జాగ్రత్త."

"అరె, గరం కాకు. పరీక్ష పెట్టుకుందం." తౌఫీఖ్ అరుగు దిక్కు తిరిగిండు. ఆ ఏటి మొదటి పువ్వు ఆ పొద్దే పూసింది, అది బాబూమియా చేతిల ఉన్నది. "బాబూ చాచా, ఆ పువ్వు గిటివ్వు. మొగులన్న చెప్తడు వాసన. నువ్వు మాత్రం ముంగటనే చెప్పకు. ఎప్పుడు జూసినా నువ్వే చెప్తవు."

గిరాకీలంత నవ్విండ్రు. బాబూమియా తౌఫీఖ్ దిక్కు చూసిండు, మొగులయ్య దిక్కు చూసిండు. చూసి, ఆ పువ్వును నోట్లె పెట్టుకొని పరపర నమిలి మింగిండు.

తౌఫీఖ్ బిత్తరపోయిండు. "చాచా, పువ్వేది?"

"పువ్వేంది? నేను నాష్తా చేసిన."

గల్లీ గల్లీ అంత పొట్ట పట్టుకొని నవ్వింది. బాబూమియాకు మతి పోయిందని తేల్చిండ్రు. తౌఫీఖ్ మాత్రం ఇడువలే. "మస్తు మొగ్గలున్నయ్ చాచా. రేపు పొద్దుగాల ఇంకోటి పూస్తది. రేపే చూద్దం."

ఆ మాట మొగులయ్య గుండెల గుచ్చుకున్నది. రేపు పది మంది ముంగట తెలిసిపోతది. ముక్కు లేనోడు పాలు అమ్ముతుండంటరు. తాత నాటి కొట్టం, ఎల్లమ్మ చేతుల కాయలు కాసిన కష్టం, అంత ఒక్క పువ్వు కింద పడి పోతది. బాబూమియా పువ్వును ఎందుకు నమిలిండో ఆలోచించే తెలివి ఆ పొద్దు ఆయనకు లేకపాయె. ముసలోడు నన్ను ఇంకో దినం ఉరి మీద ఉంచి తమాషా చూస్తుండనే అనుకున్నడు.

పగటీలి గల్లీ అంత తిని ఒరిగినప్పుడు మొగులయ్య కొట్టంలకు పోయిండు. స్వీటీ తాడు ఇప్పిండు. కొట్టం తలుపు బార్ల తెరిసి, లోపటికొచ్చి, కండ్లు మూసుకొని పండుకున్నట్టు నటించిండు.

బర్రెకు ఎవరు నేర్పాలె? రోడ్డు దాటింది, అరుగు కాడికి పోయింది. పద్నాలుగు డబ్బాలు. ఆకులు, కాడలు, మొగ్గలు, అన్నీ సాఫ్. మొగులయ్య లేచి "హో, హో" అనుకుంట ఉరికేటప్పటికి స్వీటీ ఆఖరి డబ్బా నాకుతున్నది.

బాబూమియా బయటికొచ్చిండు. డబ్బాలు చూసిండు. తిడ్తడని, లొల్లి పెడ్తడని మొగులయ్య తలకాయ దించుకొని నిలవడ్డడు. బాబూమియా స్వీటీ గంగడోలు నిమిరి, "దీని కడుపుల ఏం తక్లీఫ్ కాదు గద మొగులయ్యా? జర బెల్లం పెట్టు" అన్నడు. ఇగ లోపటికి పోయిండు.

ఆ చలికాలం మళ్ల పువ్వు పుయ్యలే. పరీక్ష లేకపాయె. మొగులయ్య ముక్కు నిలవడింది. నిలవడి ఏం లాభం? పొద్దుగాల పాలు కొలుస్తుంటె ఎదురుంగ అరుగు మీద బాబూమియా ఉత్త చేతులు ఒళ్లె పెట్టుకొని కూసుంటుండె. దారిన పోయేటోళ్లు అలవాటు కొద్ది ఆగి, ముక్కు ముంగటికి చాపి, పువ్వు లేదని యాదికొచ్చి పోతుండె. అది చూసినప్పుడల్ల మొగులయ్య తలకాయ పక్కకు తిప్పుకుంటుండె. చెప్పేద్దామనుకున్నడు. ఒకసారి రోడ్డు దాటి అరుగు దాక గూడ పోయిండు.

"బాబూభాయ్."

"బోలో."

"పాలు అర లీటర్ సరిపోతున్నయా?"

"సరిపోతున్నయ్."

తిరిగొచ్చిండు. గిట్ల నాలుగైదు సార్లు పోయిండు, ప్రతిసారి పాల ముచ్చటనే మాట్లాడి వచ్చిండు. బోనాల ముందల బాబూమియాకు జరమొచ్చింది. మూడు దినాలు దవాఖానల ఉన్నడు, నాలుగో దినం ఇంటికి ఆయన రాలే, మయ్యత్ వచ్చింది. మొగులయ్య జనాజాకు భుజం పట్టిండు. మూడొద్దులు ఆ ఇంటికొచ్చినోళ్లందరి చాయ్‌కు పాలు తనే పోసిండు. ఎన్ని పాలు పోస్తె ఒక్క మాటకు సరి సమానమైతది? ఆఖరి చలికాలం ఆ మనిషికి పువ్వు లేకుండ చేసిన అన్న రంది ఆయనను తొలుస్తనే ఉన్నది.

ఖైసర్ బేగం మొగుడు పోయిన ఆడోళ్లు పట్టే ఇద్దత్‌ల నాలుగు నెలల పది దినాలు ఉన్నది, గడప దాటలే. ఇద్దత్ ఎల్లినంక గూడ పాలకు ఆమె రాలే, ఉజైర్ వచ్చి తీస్కపోతుండె. ఈ ఏడు ఫిబ్రవరిల ఒక సాయంత్రం మాత్రం ఆమెనే రోడ్డు దాటి వచ్చింది. అప్పటికింక గిరాకీలు రాలే. ఎల్లమ్మ లోపట పాలు పిండుతున్నది. ఖైసర్ బేగం చేతిల ఒక్క కాడ ఉన్నది, దాని మీద ఐదు పువ్వులు, తెల్లయి.

"స్వీటీ తిన్నంక గడ్డలు సన్నబడ్డయ్ మొగులయ్య భాయ్. అన్నీ పెట్టిన. అన్నిటికీ ఉత్త ఆకులే వచ్చినయ్. ఒక్కటి పూసింది. జర వాసన చూడు."

మొగులయ్య పువ్వు అందుకున్నడు. పీల్చిండు. ఎప్పటి లెక్కనే, ఏం లేదు. పక్కన నిలవడి వాసన అందిచ్చే మనిషి లేడు. నోట్లెకు మల్లె అన్న మాట వచ్చింది, దాన్ని మింగేసిండు.

"భాభీ, నాకు వాసన వస్తలేదు. ఇప్పుడే కాదు, మొదటి దినం నుంచి రాలే. అబద్ధం చెప్పిన."

"మాలూమ్ హై" అన్నది ఖైసర్ బేగం. "ఆయనకు గూడ ఎరుకనే. మొదటి దినమే ఎరుక."

"ఎట్ల?"

"నలబై ఏండ్లు వాసనలు అమ్మిన మనిషికి వాసన రానోని మొఖం ఎట్లుంటదో తెల్వదా? ఈ పువ్వు గంతే భాయ్. కొందరి ముక్కుకు అందదు. పదిమందిల ఒకరికో, ఇరవైల ఒకరికో. ముక్కుల దోషం కాదు. దీని వాసన తప్ప లోకంల అన్ని వాసనలు వాళ్లకొస్తయ్. కొన్ని అత్తర్లు గూడ గంతే, ఆయన దుకాణంల ఎంతమందిని చూసిండో."

మొగులయ్య పాల స్టూలు మీద కూసున్నడు. ఎనిమిదేండ్లు ఇంగువ, కర్పూరం పీల్చి పీల్చి భయపడ్డది దీనికా? "మరి నాతోని సీదా చెప్తె అయిపోతుండె గద భాభీ."

"చెప్పుమని నేను గూడ అన్న. ‘నువ్వు అబద్ధం చెప్పినవని మొఖం మీద ఎట్ల అంట బేగం? పాలోని ఇజ్జత్ ముక్కు మీదున్నది. తనంతట తను చెప్పాలె’ అన్నడు. గందుకే ఆ పిచ్చి పట్టుకున్నడు."

"ఏం పిచ్చి?"

"అందరిని ఆపి వాసన అడుగుడు. నువ్వొకటి చెప్పు, ఆయన పగటీలి ఎవరినన్న అడుగంగ చూసినవా?"

మొగులయ్య ఆలోచించిండు. దుర్గయ్య పొద్దుగాల వచ్చిండు. బరాత్ సాయంత్రం పోయింది. ఆటో గూడ పొద్దుగాలే.

"పగటీలి నేను పండుకుంట భాభీ."

"ఆయన గూడ పండుకుంటుండె. పువ్వును నీళ్ల గ్లాసుల పెట్టి, ముసుగు తన్ని. పొద్దుగాల నువ్వు పాలు కొలిచేటప్పుడు, మళ్ల సాయంత్రం నువ్వు కొలిచేటప్పుడు, గప్పుడే బయటికొస్తుండె. ఎవడో ఒకడు నీ ముంగట ‘నాకు వాసన వస్తలేదు’ అని నిజం చెప్తడు, అది విని నీ మనసు తేలికైతది, నువ్వు గూడ చెప్తవు అని ఆశ. నీకొక తోడు దేవులాడిండు. రానోళ్లు మస్తుమంది దొరికిండ్రు గానీ ఒక్కడు ఒప్పుకోలే. ఒకడు మల్లె అంటడు, ఒకడు గులాబి అంటడు. ఆ ఆటో ఆయన దొరికిండని ఎంత ఖుషీ అయిండో. మళ్ల పీలిస్తె వాసన వచ్చిందట. ఆ దినం అన్నం తినలే."

మొగులయ్యకు కండ్లల్ల నీళ్లు తిరిగినయ్. "భాభీ, స్వీటీ తాడు..."

"అది గూడ చూసిండు. కిటికీల నుంచి."

"చూసి గూడ బెల్లం పెట్టుమన్నడా?"

"లోపటికొచ్చి నాతోని ఒక్కటే అన్నడు. ‘బేగం, వాని భయం పోగొడ్దామని పట్టుకున్న పువ్వు వాన్నే భయపెట్టింది. తప్పు నాది’ అన్నడు." ఖైసర్ బేగం దుపట్టా సర్దుకున్నది. "వలాయత్‌ల ఈ పువ్వు ఇస్తె భరోసా ఇచ్చినట్టట. ఆయన లెక్క నాకు వాసనల ముచ్చట్లు రావు. ఇది నీకు ఇయ్యాలని తెచ్చిన."

అప్పటికే గిరాకీలు ఒక్కొక్కలే వస్తున్నరు. తౌఫీఖ్ క్యాన్ తెచ్చిండు. స్కూలు సారు రామ్‌చందర్ గిన్నె తెచ్చిండు. ఎల్లమ్మ పాల బకెట్ పట్టుకొని కొట్టంల నుంచి బయటికొచ్చింది. మొగులయ్య కండ్లు తుడుసుకొని లేచి, పువ్వు పైకి పట్టిండు.

"అందరు వినుండ్రి. ఈ పువ్వు వాసన నాకు రాదు. ఎన్నడూ రాలే. మల్లె అన్నది అబద్ధం. పోయినేడాది వీటిని బర్రెతోని మేపింది గూడ నేనే. ఇగ నా కాడ పాలు పోసుకుంటరో లేదో మీ ఇష్టం."

తౌఫీఖ్ క్యాన్‌ను ఈ చేతిల నుంచి ఆ చేతిలకు మార్చుకున్నడు. రామ్‌చందర్ సారు దగ్గి, "నేను పాలు తాగుత గానీ పువ్వులు తాగుతనా మొగులయ్యా? అర లీటర్ పొయ్యి, చాయ్ టైమైతున్నది" అన్నడు. తౌఫీఖ్ గూడ మెల్లగ క్యాన్ ముంగటికి జరిపిండు.

మొగులయ్య కొలపాత్ర కోసం చెయ్యి చాపిండు. ఎల్లమ్మ బకెట్ ఇయ్యలే. గట్లనే నిలవడి పువ్వు దిక్కు చూస్తున్నది.

"ఏమయ్యో, నీకు గూడ రాదా?"

"నీకు గూడ ఏందే?"

"బర్రె మేసేదాక భాభీ మూడు నాలుగేండ్లు ఏటేట ఒక కాడ ఇచ్చింది, కొప్పుల పెట్టుకున్న. ఒక్కనాడన్న గింతంత వాసన రాలే. నువ్వు ముక్కు మొగులయ్యవు, నీతోని అంటె నవ్వుతవని ఊకున్న."

బాబూమియా ఎనిమిది చలికాలాలు శాలిబండల మొగోళ్ల ముక్కులన్నీ దేవులాడిండు. ఎదురుంగ బకెట్ పట్టుకొని దినాం రెండుసార్లు నిలవడే ఎల్లమ్మను మాత్రం అడుగలే. అడుగనీకి అదబ్ అడ్డమొచ్చింది.

ముందుగాల ఖైసర్ బేగంకు నవ్వొచ్చింది. దుపట్టా నోటికి అడ్డం పెట్టుకున్నా ఆగలే. అది చూసి రామ్‌చందర్ సారు నవ్విండు, మొగులయ్య కండ్ల నీళ్లతోని నవ్విండు, ఎల్లమ్మ ఎందుకో తెల్వకున్నా నవ్వింది.

"యా అల్లా, ఆయనకు ఈ ముచ్చట ఎవరు చెప్పాలె?" అన్నది ఖైసర్ బేగం.

"నేను చెప్త భాభీ. బేస్తవారం జుమేరాత్ నాడు ఆయన గోరీ కాడికి పోయి, కూసొని, స్వీటీ తాడు నుంచి మొదలువెట్టి మొత్తం చెప్త."

ఎల్లమ్మ బకెట్ కింద పెట్టి కొంగు బిగిచ్చింది.

"పోతె నన్ను గూడ తీస్కపో. ఆయన నన్ను అడుగకపాయె. నా సంగతి నేనే చెప్పుకుంట."